కారుకో బ్రేకు, కాలికో శిక్ష

కారు మారితే స్టీరింగూ గేర్లూ కాసేపట్లో చేతికి అలవాటైపోతాయి. బ్రేకు మాత్రం ఓ పట్టాన కాలికి లొంగదు. పాత కారులో పెడల్ సగం దాకా తొక్కితే గానీ బండి మాట వినేది కాదు. ఇందులో కాలు ఆనిస్తే చాలు, కారు ముక్కు కిందికి వంగి, వెనక సీట్లో వాళ్ల తలలు ముందుకొచ్చేస్తాయి. "కాస్త నెమ్మదిగా పోనీవయ్యా" అని పైగా సలహా. పోయేది నెమ్మదిగానే మహాప్రభో, ఆగడమే నెమ్మదిగా కుదరట్లేదు!

కాలి ఒత్తిడిని పెంచే బూస్టర్ ఎంత సాయం చేస్తుంది, రాపిడితో చక్రాన్ని ఆపే ప్యాడ్లు ఏ రకం అన్నది మోడల్‌ని బట్టి మారుతుంది, సరే. ఆ పాఠమంతా నా అరికాలే నేర్చుకోవాలా? ఎలక్ట్రిక్ కార్లయితే మరీను. యాక్సిలరేటర్ మీంచి కాలు తీయగానే మోటారే వేగం తగ్గించేస్తుంది. బ్యాటరీ నిండుగా ఉంటే చాలా వాటిలో ఆ పట్టు సడలుతుంది. అంటే ఒకే కారులో పొద్దున ఒక బ్రేకు, సాయంత్రం ఇంకో బ్రేకు.

అన్నిటికన్నా పెద్ద టెన్షన్ ఏంటంటే, పెడల్ మెత్తగా దిగితే అది ఆ కారు స్వభావమో, బ్రేక్ గొట్టాల్లో గాలి చేరిందో కొత్తలో తెలిసి చావదు. మెకానిక్‌ని అడిగితే "అలవాటైపోతుంది సార్" అంటాడు. ఎప్పుడు బాబూ?