చేత్తో చెక్కలేదు, అచ్చు పోశారు: వియన్నా మేడల గురించి తిరుగుతున్న పోస్టుకు జవాబు

వియన్నాలో ఓ పాత మేడ ఫొటో పెట్టి రాసిన పోస్టు గ్రూపుల్లో తెగ తిరుగుతోంది. అందులో ఉన్నదిది: "నూట యాభై ఏళ్ల కిందట శిల్పులు రాతిలో చేత్తో చెక్కిన కట్టడం. అప్పట్లో పనివాడికి విలువ ఉండేది. ఒక్కో సంపన్న కుటుంబానికి ఒక్కో మేడ. అక్కడి ప్రభుత్వం ఒక్క ఇటుక కూడా కదపనివ్వదు." ఆ మేడలంటే నాకు ప్రాణం. అందుకే ఈ నాలుగు మాటలూ తప్పని చెప్పక తప్పడం లేదు.

మొదట రాయి సంగతి. ఆ గోడల్లో చాలావరకు ఇటుకవే. పైన గార పూసి, పెద్ద పెద్ద రాళ్లు పేర్చినట్టు గాళ్లు తీశారు. కిటికీల మీది ఆడవాళ్ల తలలు, సింహం ముఖాలు, పూలతీగలు ఎక్కువగా అచ్చుల్లో పోసినవి. కొన్ని కాల్చిన మట్టివి, కొన్ని సిమెంటువి. కట్టించేవాడు కేటలాగు చూసి ఎంచుకునేవాడు. ఆ ఫొటోనే పెద్దది చేసి చూడండి: ఒకే ముఖం వరసగా ప్రతి కిటికీ మీదా ఉంటుంది, జుట్టు ముడి కూడా మారదు.

ఇక పనివాడి విలువ. వియన్నాకు దక్షిణాన వీనర్‌బెర్గ్ గుట్ట దగ్గరి బట్టీల యజమాని హైన్‌రిష్ డ్రాషె. పాత గోడ కూల్చినప్పుడు దొరికే ఇటుకల మీద ఇప్పటికీ రెండు తలల గద్ద, పక్కన ఆయన పేరులోని 'హెచ్ డి' అక్షరాలు కనిపిస్తాయి. ఆ ఇటుక చేసినవాళ్లు ఎక్కువమంది బొహీమియా, మొరావియాల నుంచి వలస వచ్చిన చెక్ కూలీలు. 1888లో విక్టర్ ఆడ్లర్ అనే డాక్టరు రహస్యంగా ఆ బట్టీల్లోకి వెళ్లి చూసి తన పత్రికలో రాశాడు. కూలి డబ్బుగా కాక రేకు బిళ్లలుగా ఇచ్చేవారు. అవి కంపెనీ క్యాంటీన్లలో తప్ప ఎక్కడా చెల్లవు. అక్కడేమో సరుకు ధర ఎక్కువ. ఒకే గదిలో ఎన్నో కుటుంబాలు కిక్కిరిసి పడుకునేవి. అప్పటి రోజులే బాగుండేవని రాసేముందు ఈ సంగతి తెలుసుకోవాలి. నాకైతే ఆ పోస్టులో అన్నిటికంటే బాధ కలిగించిన మాట ఇదే.

కుటుంబానికో మేడ అన్నది పేరు దగ్గరే తేలిపోతుంది. ఈ తరహా ఇంటిని అక్కడ త్సిన్స్‌హౌస్ అంటారు, అంటే అద్దె ఇల్లు. లిఫ్టులు లేని కాలంలో మంచి వాటా మొదటి అంతస్తుది, మెట్లు ఎక్కినకొద్దీ అద్దె తగ్గేది. బయటి పేటల్లో ఇదే తరహా ముఖం తగిలించుకున్న ఇళ్లలో నడవాలో అందరికీ కలిపి ఒక్క నీళ్ల కుళాయి, దాని కింద ఇనప తొట్టి. దాన్ని బసేనా అనేవారు. రాత్రి నిద్రకు మంచం మాత్రమే అద్దెకు తీసుకునేవాళ్లు కూడా ఆ వాటాల్లోనే ఉండేవారు.

చివరగా చట్టం. వియన్నాలో రక్షిత మండలాలు వచ్చిందే 1972లో. వాటి బయట ఉన్న పాత ఇళ్లను కూల్చడం చాలాకాలం తేలికగానే ఉండేది. 1945కు ముందు కట్టిన ఏ ఇంటినైనా కూల్చాలంటే నగర శాఖ సమ్మతి తప్పనిసరి అన్న నిబంధన 2018లో గానీ రాలేదు. అది రాబోతోందని తెలిసి హడావుడిగా కూల్చిన ఇళ్లున్నాయి. ఇప్పటికీ, మరమ్మతు ఖర్చు గిట్టుబాటు కాదని నిరూపిస్తే దారి దొరుకుతుంది. అందుకని కప్పు కారుతున్నా పట్టించుకోకుండా ఇంటిని పాడుపెట్టే యజమానుల మీద అక్కడివాళ్లు పోరాడుతూనే ఉన్నారు. ఆ ఊరు అలా మిగిలిందంటే వాళ్ల పుణ్యం చాలా ఉంది.

డ్రాషె తన కోసం కట్టించుకున్న హైన్‌రిష్‌హోఫ్‌నే చూడండి. ఆపెరా ఎదురుగా, థియోఫిల్ హాన్సెన్ గీసిన నమూనాతో 1861-63లో లేచిన అద్దె మేడ అది. 1945లో యుద్ధం చివర దెబ్బతింది. బాగుచేయకుండా 1954లో కూల్చేశారు. ఆ స్థలంలో ఇప్పుడు మామూలు ఆఫీసు బిల్డింగు ఉంది.