మాత్ర మానేస్తే మొండి వైరస్ రాదా?

ఒకే సందేశం నాకు మూడు వాట్సాప్ గ్రూపుల్లో వచ్చింది. అందులో ఉన్నది ఇది: ‘హెచ్‌ఐవీ ఎప్పటికప్పుడు రూపం మారుస్తుంది. మందులన్నీ అమెరికా రకం వైరస్ కోసం చేసినవి, మన దేశంలో ఉన్నది వేరే రకం. గర్భిణి మందులు వాడితే వైరస్ మొండిదై అదే బిడ్డకు సోకుతుంది. పైగా ఆ మందు వల్ల బిడ్డకు వెన్నెముక లోపం వస్తుంది. కాబట్టి కాన్పు అయ్యేదాకా మందులు ఆపండి.’ చివర పది మందికి పంపమనడం మామూలే. పచ్చి అబద్ధమైతే నవ్వి వదిలేసేవాణ్ణి. ఇందులో అక్కడక్కడ నిజాలున్నాయి, చిక్కు వాటితోనే.

రూపం మారుస్తుందన్నది నిజం. ఈ వైరస్ తన జన్యు సమాచారాన్ని ఆర్‌ఎన్‌ఏ నుంచి డీఎన్‌ఏలోకి తిరగరాసుకుంటుంది. ఆ పని చేసే ఎంజైముకు తప్పులు దిద్దుకోవడం చేతకాదు. తాటాకు గ్రంథానికి ప్రతి తీసే లేఖకుడు మూలంతో సరిచూసుకోకుండా రాసుకుపోతే పాఠభేదాలు పుట్టవూ, అలాగన్నమాట. రాయాల్సింది సుమారు 9,700 అక్షరాలు. మందు వాడని మనిషి ఒంట్లో రోజుకు దాదాపు వెయ్యి కోట్ల కొత్త వైరస్‌లు పుడతాయి. ఒక్క అక్షరం తేడాతో లొంగకుండా పోయే మందు ఏదైనా ఉంటే, దానికి లొంగని ప్రతి ఆ మందు మింగకముందే ఒంట్లో ఏదో మూల ఉంటుంది. అయితే మూడు మందులకూ ఒకేసారి లొంగని ప్రతి ముందుగానే సిద్ధంగా ఉండడం దాదాపు అసాధ్యం. మూడు కలిపి ఇచ్చేది అందుకే. మూడూ పనిచేస్తుంటే రాత ఆగుతుంది, రాత ఆగితే పాఠభేదమూ ఆగుతుంది. మాత్ర ఆపిన కొద్ది వారాలకే లేఖకుడు మళ్ళీ గంటం పడతాడు. నిజంలోని ఈ రెండో సగం ఆ సందేశంలో లేదు.

అమెరికా రకం మాట ఎక్కువసేపు నిలవదు. అక్కడ ఎక్కువగా ఉన్నది బి ఉపరకం, మన దగ్గర సి. ప్రపంచంలోని హెచ్‌ఐవీ బాధితుల్లో దాదాపు సగం మందిలో ఉన్నది ఈ సి రకమే. ఒక్క దక్షిణాఫ్రికాలోనే అర కోటికి పైగా జనం ఇవే మందులు వాడుతున్నారు. పుట్టుకతోనే నెవిరపిన్, ఎఫావిరెంజ్ అనే హెచ్‌ఐవీ మందులకు లొంగని హెచ్‌ఐవీ-2 అనే వేరే వైరస్ ఉన్నమాట వాస్తవమే. దాన్ని వేరే పరీక్షతో గుర్తించి, తగిన మందులే ఇస్తారు.

ఇక అసలు విషయం, మొండి వైరస్. దీని వెనక ఒక చరిత్ర ఉంది. 1999లో ఉగాండా పరిశోధన ఒకటి వెలువడింది. నొప్పులు మొదలయ్యాక తల్లికి ఒక్క నెవిరపిన్ మాత్ర, పుట్టాక మూడు రోజుల్లోపు బిడ్డకు ఒక్క మోతాదు మందు. అప్పట్లో వాడుతున్న జిడోవుడిన్ అనే మందు స్వల్పకాల చికిత్సతో పోలిస్తే బిడ్డలకు సోకడం దాదాపు సగానికి తగ్గింది. ఖర్చు చాలా తక్కువ, ఇవ్వడం తేలిక. మన దేశమూ ఏళ్ళ తరబడి ఇదే పద్ధతి పాటించింది. కానీ ఆ ఒక్క మాత్ర తాలూకు మందు రక్తంలో రోజులు, ఒక్కోసారి వారాల పాటు కొద్దికొద్దిగా మిగిలి ఉంటుంది. తోడుగా మరో మందు ఉండదు. లొంగని ప్రతులకు అంతకన్నా అనువైన సమయం ఏముంటుంది? ఉపరకాల మధ్య తేడా బయటపడింది కూడా ఇక్కడే. ఆ ఒక్క మోతాదు తీసుకున్న కొన్ని వారాలకు పరీక్షిస్తే, ఉగాండాలో ఎ రకం ఉన్న తల్లుల్లో సుమారు 19 శాతం మందిలో, డి రకం ఉన్నవారిలో 36 శాతం మందిలో నిరోధకత, అంటే వైరస్ మందుకు లొంగకపోవడం, కనిపించింది. మలావీలో సి రకం ఉన్న తల్లుల్లో అది 69 శాతం. సి అంటే మన రకమే. బోట్స్‌వానాలో ఇంకో సంగతి తేలింది. ఆ మాత్ర వేసుకున్న ఆరు నెలల్లోపు నెవిరపిన్‌తో కూడిన చికిత్స మొదలుపెట్టిన తల్లుల్లో 42 శాతం మందికి అది విఫలమైంది. ఆరు నెలలు దాటాక మొదలుపెట్టినవారికి అంత నష్టం కలగలేదు.

అంటే సందేశం రాసినవారి భయం ఊరికే పుట్టింది కాదు. ఆ నింద మాత్రం ఒకే మందును ఒకే ఒక్కసారి ఇచ్చి వదిలేసిన పద్ధతికి చెందాలి. అది తెలిసే పద్ధతి మార్చారు. 2014 నుంచి మన దేశంలో పాజిటివ్ అని తేలిన ప్రతి గర్భిణికీ జీవితాంతం మూడు మందుల చికిత్స ఇస్తున్నారు. ఇప్పుడది టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ కలిసిన ఒకే మాత్ర, రోజుకు ఒకటి. దాన్ని మధ్యలో ఆపమనే సలహా ఆ పాత చిక్కుకే మళ్ళీ దారి తీస్తుంది.

ఇంకో లెక్క చూడండి. చికిత్స ఏదీ లేకపోతే, పాలిచ్చే కాలం కూడా కలుపుకొని, బిడ్డకు సోకే అవకాశం 15 నుంచి 45 శాతం. మంచి చికిత్సతో అది 5 శాతం లోపుకు దిగుతుంది. తల్లి రక్తంలో వైరస్ పరీక్షకు దొరకనంత తగ్గిపోతే, మొండిదైనా మామూలుదైనా బిడ్డదాకా వెళ్ళడం చాలా అరుదు. డోలుటెగ్రావిర్‌కూ నిరోధకత ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 నివేదికలోని సర్వేల్లో, ఆ మందు వాడుతున్నా వైరస్ అదుపులోకి రానివారిలో అది 3.9 నుంచి 8.6 శాతం దాకా కనిపించింది. అందుకే ఎనిమిదో నెల ప్రాంతంలో రక్తంలో వైరస్ ఎంత ఉందో కొలిచే వైరల్ లోడ్ పరీక్ష చేస్తారు. అంకె ఎక్కువ వస్తే మాత్రలు సరిగ్గా అందుతున్నాయో లేదో చూస్తారు, అవసరమైతే మందులు మారుస్తారు. అలాంటి తల్లికి పుట్టిన బిడ్డకు నివారణ మందు కూడా ఎక్కువ వారాలు ఇస్తారు.

వెన్నెముక లోపం సంగతి 2018 నాటి పాత వార్త. గర్భం దాల్చేనాటికే డోలుటెగ్రావిర్ వాడుతున్న తల్లుల 426 కాన్పుల్లో నాలుగింటిలో ఆ లోపం ఉన్నట్టు బోట్స్‌వానాలో తేలింది. అప్పట్లో కంగారు పడడం సబబే. వేల కాన్పుల లెక్క వచ్చేసరికి ఆ తేడా కరిగిపోయింది. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ గర్భిణులకూ ఇదే మందును సిఫారసు చేసింది. వార్త సగంలో ఆగిపోయి, ఫోన్లలో మాత్రం ఇంకా తిరుగుతోంది.

నిజంగా హెచ్చరించాల్సింది ఒకటుంది, అది ఆ సందేశంలో లేదు. హెచ్‌ఐవీ ఉన్న ఏడో నెల గర్భిణి సంచి తెరిస్తే ఏఆర్‌టీ సెంటర్ (హెచ్‌ఐవీ మందులిచ్చే కేంద్రం) ఇచ్చిన మాత్రల డబ్బా ఉంటుంది. పక్కనే ఏఎన్‌ఎం ఇచ్చిన ఎర్రటి ఐరన్ మాత్రలు, కాల్షియం మాత్రలు ఉంటాయి. మరచిపోకుండా ఉండాలని అన్నీ కలిపి పరగడుపునే వేసుకునేవారున్నారు. ఇనుము, కాల్షియం కడుపులోనే డోలుటెగ్రావిర్‌ను పట్టేసుకుంటాయి, రక్తంలోకి చేరాల్సిన మందు తగ్గిపోతుంది. హెచ్‌ఐవీ మాత్రను వాటికి రెండు గంటల ముందో, ఆరు గంటల తర్వాతో వేసుకోవాలి. అది కుదరకపోతే అన్నీ అన్నంతో పాటే వేసుకోవచ్చు. ఒకచోట మందులిచ్చేవారికి ఇంకోచోట ఏమిచ్చారో తెలియకపోవచ్చు. ఈసారి ఏఆర్‌టీ సెంటర్‌కు వెళ్ళినప్పుడు ఆ సంచి మొత్తం డాక్టర్ బల్ల మీద పెట్టి, ఏది ఎప్పుడు వేసుకోవాలో అడిగి రాయించుకుంటే సరిపోతుంది.