స్కానర్‌కు డబ్బులుంటాయి, మనిషికి ఉండవు

మూడేళ్లుగా నా దగ్గర ఆర్కైవ్స్ పని, అంటే పాత రికార్డుల్ని భద్రపరిచి వాటికి వివరాలు రాసే పని, నేర్చుకుంటున్న అమ్మాయి పోయిన వారం అంతా వదిలేసి వేరే ఉద్యోగంలో చేరిపోయింది. ఎంత గొలుసుకట్టు రాతైనా చదివేసేది. వెళ్తూ వెళ్తూ ఒక్క మాట అంది: "మేడం, నేను తయారుచేసిన కేటలాగ్ మీద నా పేరు కూడా వేయలేదు." ఆ మాట నా మనసులోంచి పోవడం లేదు.

కేటలాగ్ అంటే గుమాస్తా పని అనుకుంటారు చాలామంది. కాదండీ. ఈ కాగితం ఎవరు, ఎందుకు, ఎవరి కోసం రాశారు, ఇక్కడికి ఎలా చేరింది అని తేల్చడం పూర్తిస్థాయి పరిశోధన. దాని మీద ఆధారపడి వ్యాసం రాసినవాళ్లకి పేరొస్తుంది, ప్రమోషన్ వస్తుంది. దారి వేసినవాళ్లకి ఏమీ రాదు.

నేను చదువుకునే రోజుల్లో ఒక ఆఫీసు ఉత్తరాల కట్ట నా చేతికొచ్చింది. నాకంటే ముందు ఎవరో మంచి ఉద్దేశంతోనే అన్నిటినీ తేదీల వరుసలో సర్దేశారు. చూడ్డానికి ముచ్చటగా ఉంది. కానీ ఏ ఫిర్యాదుకు ఏ నివేదిక జతచేశారో, ఏ కాగితం చూసి ఆ నిర్ణయం తీసుకున్నారో తెలిపే ఆధారం మొత్తం పోయింది. కాగితం ఒక్కటీ పోలేదు, వాటి మధ్య సంబంధం పోయింది. మా సార్ ఆ కట్ట చూసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆయన మౌనం నాకు నేర్పినంత ఏ పాఠమూ నేర్పలేదు.

ఒక సంస్థ కాగితాలను ఇంకో సంస్థవాటితో కలపొద్దని ఫ్రాన్స్ 1841లోనే నియమం పెట్టుకుంది. ఆ కాగితాల అసలు వరుసను కాపాడాలని ముగ్గురు డచ్ ఆర్కివిస్టులు 1898లో పుస్తకం రాసి మరీ చెప్పారు. ఈ రెండూ క్లాసులో గంటలో చెప్పేయొచ్చు. కానీ కట్ట ఎదురుగా ఉన్నప్పుడు సర్దేయాలన్న ఆత్రాన్ని ఆపుకోవడం, తెలిసినవాళ్ల పక్కన ఏళ్లపాటు కూర్చుంటేనే వస్తుంది. ఆ ఏళ్లకి జీతం ఎవరిస్తారు?

స్కానింగ్‌కి మాత్రం నిధులు వస్తాయి. యంత్రం కనిపిస్తుంది, ఫొటో తీసుకోవచ్చు, ఎన్ని పేజీలయ్యాయో లెక్క చెప్పొచ్చు. నేను స్కానింగ్‌కి వ్యతిరేకం కాదు. అయితే వివరణ లేని లక్ష పేజీల్లో ఎవరికి ఏం దొరుకుతుంది? పైగా డిజిటల్ అయితే శాశ్వతం అన్న భ్రమ ఒకటి. ఇంగ్లండ్‌లో భూముల, ఆస్తుల లెక్కలు రాసిన 1086 నాటి డూమ్స్‌డే గ్రంథాన్ని ఇప్పటికీ తెరిచి చదవొచ్చు. దానికి తొమ్మిది వందల ఏళ్లు నిండిన సందర్భంగా బీబీసీ 1986లో లేజర్ డిస్కుల మీద కొత్త డూమ్స్‌డే తయారుచేస్తే, పదిహేనేళ్లు తిరిగేసరికి ఆ డిస్కులు చదివే యంత్రాలు దొరకడమే గగనమైంది. వాటిలోని సమాచారాన్ని మళ్లీ బయటికి తీయడానికి నిపుణులు ప్రత్యేకంగా పనిచేయాల్సి వచ్చింది. ఇప్పుడు ఈమెయిళ్లు, డేటాబేసులు గుట్టలుగా వచ్చిపడుతున్నాయి. ఏది ఉంచాలి, ఏ ఫార్మాట్‌లోకి మార్చాలి, మధ్యలో ఎవరూ దిద్దలేదని ఎలా నిరూపించాలి? ఇవన్నీ తేల్చాల్సినవాళ్లు ఈ పని నేర్చుకుంటున్న పిల్లలే.

ఇంకో సంగతి, ఒంటరితనం. చాలాచోట్ల ఈ సబ్జెక్టులో పీహెచ్‌డీ చేసేది ఒక్కరే ఉంటారు. సందేహం వస్తే అడగడానికి పక్కన తోటివాళ్లు ఉండరు. 2009లో లాస్ ఏంజెలిస్‌లో మొదలైన ఆర్కైవల్ ఎడ్యుకేషన్ అండ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ లాంటివి అందుకే నాకు ఇష్టం. పరిశోధక విద్యార్థులూ అధ్యాపకులూ వారం పాటు ఒకచోట కూర్చుని సగంలో ఉన్న పనిని కూడా ఒకరికొకరు చూపించుకుంటారు. అలాంటి వారం ఒక్కటి దొరికినా ఆ అమ్మాయి ఆగేదేమో.

కొత్త ప్రాజెక్టు ప్రతిపాదన నిన్న పంపాను. ఈసారి ముందు ఇద్దరు విద్యార్థులకి మూడేళ్ల జీతం రాసి, యంత్రాల ఖర్చు ఆ తర్వాతే రాశాను. పాత కేటలాగ్ మొదటి పేజీలో ఆ అమ్మాయి పేరు చేర్చమని విడిగా ఇంకో ఉత్తరం పెట్టాను. రెండిటికీ జవాబు వచ్చేదాకా అడుగుతూనే ఉంటాను.