ఏ1 పుల్లీ గారి దివ్యసముఖానికి

మహారాజశ్రీ ఏ1 పుల్లీ గారికి, కుడిచేతి ఉంగరపు వేలి సొంతదారు చేసుకునే విన్నపం.

అయ్యా, వేలిని వంచే తాడు అరచేతిలోంచి వేల్లోకి దూరే చోట, దాన్ని ఎముకకు అంటిపెట్టి ఉంచే పట్టీగా తమరు కాపలా. డాక్టర్లు ఆ తాడును టెండన్ అంటారు. ఇన్నేళ్ళూ నూనె రాసినట్టు మీ కిందనుంచి పోయి వచ్చేది. ఇప్పుడు తమరు మందమెక్కారు, దానికో బుడిపె లేచింది. పిడికిలి బిగిస్తే వేలు లోపలే ఉండిపోతోంది. రెండో చేత్తో లాగితే టిక్కుమని లేస్తోంది. తెల్లారగానే మీ దర్పం మరీ ఎక్కువ. ఈ జబ్బు పేరు మాత్రం ట్రిగ్గర్ ఫింగర్! తుపాకీ సంగతి దేవుడెరుగు, పట్టుకున్న గ్లాసే వదలదు.

మొదట బతిమాలాను. గట్టిగా పట్టే పనులు మానాను, మాత్రలు మింగాను. నొప్పి తగ్గింది, మీ పట్టు తగ్గలేదు. ఆరు వారాలు రాత్రిళ్ళు వేలు వంగకుండా ఆపే స్ప్లింటు కట్టి సత్యాగ్రహం చేశాను. కొత్తగా పట్టుకున్నప్పుడైతే దానికి లొంగేవారేమో, నాది ముదిరింది.

ఇక లంచం, అంటే స్టెరాయిడ్ సూది. సగానికి పైగా చేతుల్లో దీనికి మీరు కరుగుతారట. కత్తికి ముందు దీన్ని ప్రయత్నించడమే తెలివని నేనూ ఒప్పుకుంటాను. నా దగ్గరా కరిగారు, అయిదు నెలలు. కానీ నాకు షుగరు. షుగరున్నవాళ్ళంటే మీకు మక్కువ ఎక్కువ, సూదికి లొంగడం తక్కువ. పైగా ఆ లంచం పద్దు నా రక్తంలో పడి షుగరు పెరిగింది. నాలుగు రోజులు గ్లూకోమీటరు వంక చూడలేదు. రెండో సూదికి మీరు మూడు వారాలే మర్యాద చూపించారు.

మిగిలింది కూల్చివేత. సూదిమొనతో పైనుంచే తెంచే పద్ధతీ ఉంది, కుట్లుండవు. కానీ పక్కనే నరాలు. తెరిచి, చూసి కోసేవాళ్ళ మీదే నాకు గురి (పిరికితనమే అనుకోండి). చిన్న కోత, చేతి వరకే మత్తు, పావుగంట పని. మచ్చ కొన్నాళ్ళు సలుపుతుంది, వేలు బిగుసుకోకుండా కదిలిస్తూ ఉండాలి. మళ్ళీ రావడం మాత్రం అరుదు.

అన్నట్టు, డాక్టరు ఓ రహస్యం చెప్పారు. వేలికి ముఖ్యమైనవి ఏ2, ఏ4 పుల్లీలట. అవి తెగితే తాడు వింటినారిలా పైకి లేస్తుందట. మరి మీరు తెగితే? ఏమీ కాదట! ఇంత పెత్తనమూ అక్కర్లేని పోస్టులోనా?

సోమవారం తమ పదవీ విరమణ. రెండు చేతులూ జోడించి నమస్కరిద్దామంటే ఒక వేలు లేవడం లేదు. తొమ్మిదితో సరిపెట్టుకోగలరు.