పన్ను వదులుకుని పంతం నిలుపుకున్నవారు

అమెరికా స్వాతంత్ర్య పోరాటానికి కారణాలు వెతికేవారు నేరుగా బోస్టన్ వీధుల్లోకో, ఫిలడెల్ఫియా సభల్లోకో వెళ్లిపోతారు. ఇది లండన్ మంత్రివర్గాలకు చేస్తున్న తీరని అన్యాయం. సరిహద్దుల కోసం తమలో తామే తగవులాడుకునే అమెరికాలో బ్రిటన్ ఏలుబడిలో ఉన్న పదమూడు వలసల జనాన్ని పన్నెండేళ్లలో ఒక్క తాటి మీదికి తేవడం ఆ వలసవాసుల వల్ల అయ్యే పని కాదు. అందుకు, ఆ గడ్డ మీద అడుగు పెట్టకుండానే దాని మంచిచెడ్డలు నిర్ణయించగల రాజనీతిజ్ఞులు కావాలి. వారిని వరుసగా సరఫరా చేసిన ఘనత బ్రిటిష్ పార్లమెంటుదే.

1763లో ఫ్రాన్సుతో యుద్ధం ముగిసేనాటికి బ్రిటన్ అప్పు దాదాపు రెట్టింపై పదమూడు కోట్ల పౌన్ల దరిదాపులకు చేరింది. ఆ యుద్ధం వల్ల మేలు పొందిన వలసలు ఖర్చులో కొంత భరించాలని కోరడం తప్పేమీ కాదు. ప్రధాని గ్రెన్‌విల్ నిజంగా దయామయుడు కూడాను: రమ్ము కాచడానికి వాడే మొలాసిస్ మీద గ్యాలనుకు ఆరు పెన్సులున్న సుంకాన్ని 1764లో మూడు పెన్సులకు తగ్గించాడు. సగానికి సగం తగ్గిస్తే జనం మండిపడటం ఏమిటని లండన్ నిర్ఘాంతపోయింది. పాత సుంకాన్ని దొంగ సరుకుతోనూ లంచాలతోనూ అందరూ తప్పించుకునేవారనీ, కొత్త సుంకాన్ని మాత్రం నిజంగానే వసూలు చేయబోతున్నారనీ గ్రహిస్తే ఆ ఆశ్చర్యం కాస్త తగ్గేది.

మరుసటి ఏడాది వచ్చిన స్టాంపు చట్టాన్ని పన్నుల శాస్త్రంలో ఒక ప్రత్యేక అధ్యాయంగా చదువుకోవాలి. వార్తాపత్రికలు, కరపత్రాలు, పంచాంగాలు, దావా కాగితాలు, వీలునామాలు, మద్యం లైసెన్సులు, పట్టాలు అన్నిటికీ స్టాంపు ఉండాలన్నారు. పేకముక్కల కట్టకు ఒక షిల్లింగు, పాచికల జతకు పది షిల్లింగులు విధించారు. కాస్త లోకజ్ఞానమున్న పాలకుడు పన్ను వేసేటప్పుడు నోరులేని వాణ్ణి ఎంచుకుంటాడు. గ్రెన్‌విల్ మాత్రం ఏరికోరి వాదించడమే వృత్తిగా గల వకీళ్లనూ, అచ్చువేయడమే వృత్తిగా గల ముద్రాపకులనూ, ఆ ఇద్దరి మాటలూ పదిమందీ కూర్చుని చర్చించుకునే తాగుడు శాలల యజమానులనూ ఒకే చట్టంతో బాదాడు. ఉద్యమానికి కావలసిన యంత్రాంగమంతా ఇలా ప్రభుత్వ ఖర్చుతోనే సమకూడింది.

మాకు ప్రాతినిధ్యం లేనిదే పన్ను వేయరాదని వలసలు మొరపెట్టుకుంటే, లండన్ నుంచి వచ్చిన సమాధానం ప్రశాంతంగా చదవదగినది. ఓటు వేయకపోయినంత మాత్రాన ప్రాతినిధ్యం లేనట్టు కాదట. పార్లమెంటు సభ్యులు తమను ఎన్నుకున్నవారికే కాక సామ్రాజ్యమంతటికీ ప్రతినిధులట. మాంచెస్టర్ వంటి పట్టణానికి ఒక్క సభ్యుడూ లేడు కదా, వారేమైనా గోల చేస్తున్నారా అని కూడా అడిగారు. కాపురముండే మనిషి దాదాపు కనిపించని ఓల్డ్ సేరమ్ అనే పాత దిబ్బకు ఇద్దరు సభ్యులున్న సంగతి మాత్రం ఎత్తలేదు. బహుశా అక్కడి గడ్డికి వాదించే అలవాటు లేకపోవడం వల్ల కావచ్చు.

నా దృష్టిలో అసలు ప్రతిభ ఆ తరువాతే బయటపడింది. అల్లర్లకు, సరుకుల బహిష్కారానికి జడిసి 1766 మార్చిలో స్టాంపు చట్టాన్ని రద్దుచేశారు. వలసల్లో గంటలు మోగాయి, దీపాలు వెలిగాయి. కథ అక్కడితో ముగిసేదే. కానీ అదే రోజున, సమస్త విషయాలలోనూ వలసలను కట్టడిచేసే చట్టాలు చేసే అధికారం తమకుందని పార్లమెంటు మరో చట్టం రాసి పెట్టుకుంది. రాబడి పోయింది, రోషం మిగిలింది. తరువాతి మంత్రులందరూ ఈ సూత్రాన్నే భక్తితో పాటించారు. 1767లో గాజు, సీసం, రంగులు, కాగితం, తేయాకుల మీద వేసిన సుంకాలను 1770లో ఎత్తివేస్తూ, హక్కుకు గుర్తుగా తేయాకు సుంకాన్ని ఉంచారు. ఆ ఒక్కటీ ఉంచాలన్న నిర్ణయం మంత్రివర్గంలో ఐదుగురు ఔనని, నలుగురు కాదని తేలినది. కాదన్న నలుగురిలో ప్రధాని గ్రాఫ్టన్ ఒకరు. సామ్రాజ్యానికి గుర్తుగా నిలిచిన పన్నును ప్రధానే వద్దన్నాడంటే ఆ మంత్రివర్గపు క్రమశిక్షణను మెచ్చుకోవాలి.

1773 నాటి తేయాకు చట్టం మరీ ఉదారమైనది. బెంగాలులో కరవు ముంచెత్తినా శిస్తు వసూలు ఆపని ఈస్టిండియా కంపెనీ అప్పటికి తానే దివాలా అంచున ఉంది. దాన్ని ఆదుకోవడానికి, దొంగ సరుకు కంటే చవకగా తేయాకును అమెరికాకు పంపే వీలు కల్పించారు. చవక తేయాకు తాగితే మూడు పెన్సుల సుంకం కట్టినట్టే, సుంకం కడితే హక్కును ఒప్పుకున్నట్టే. ఈ ఉచ్చు ఎవరికీ కనిపించదని మంత్రులు నమ్మారు. డిసెంబరు 16 రాత్రి బోస్టన్ రేవులో మోహాక్ అనే ఆదివాసుల వేషాలు వేసుకున్న మనుషులు గొడ్డళ్లతో 342 పెట్టెలు పగలగొట్టి సముద్రంలో పోశారు. అప్పుడు పోటు లేదు, లోతు తక్కువ. తేయాకు ఓడల పక్కనే గుట్టలుగా పేరుకుంటే దాన్ని మళ్లీ నీళ్లలోకి నెట్టవలసి వచ్చింది. ఏ వేషం వేసుకున్నారో ఆ ఆదివాసుల భూముల్లోకి చొరబడవద్దని 1763లో రాజు చేసిన ప్రకటన కూడా ఇదే వలసవాసుల ఫిర్యాదుల్లో ఒకటి. బానిసలను కొని అమ్ముతూనే తమను బానిసలను చేస్తున్నారని వాపోయినవారికి ఇదేమంత వింత కాదు.

ఒక రేవు చేసిన నేరానికి పార్లమెంటు ఆ రేవునే మూసేసి, మసాచుసెట్స్ పాలన పద్ధతినీ మార్చివేసింది. తక్కిన వలసలు భయపడి దూరంగా జరుగుతాయని లెక్క. అవి బోస్టన్‌కు తిండిగింజలు పంపి, 1774 సెప్టెంబరులో ఫిలడెల్ఫియాలో కాంగ్రెస్ అనే ఉమ్మడి సభగా సమావేశమయ్యాయి. 1775లో ఆఖరి విన్నపం పంపితే రాజు దాన్ని అందుకోనే లేదు.

లండన్‌కు జ్ఞానోదయం కాలేదని మాత్రం ఎవరూ అనలేరు. 1778లో, ఫ్రాన్సు వలసలతో ఒప్పందం కుదుర్చుకున్నాక, రాబడి కోసం వలసల మీద ఇకపై పన్ను వేయబోమని పార్లమెంటు స్వయంగా చట్టం చేసి, సంధికోసం కార్లైల్ ప్రభువు నాయకత్వంలో దూతలను పంపింది. వారు ఫిలడెల్ఫియా చేరేసరికి బ్రిటిష్ సైన్యం ఆ నగరాన్ని ఖాళీచేయడానికి మూటాముల్లె సర్దుకుంటోంది. ఆ ఆజ్ఞ సంగతి దూతలకు ముందుగా ఎవరూ చెప్పలేదు. స్వాతంత్ర్యాన్ని గుర్తించండి, లేదా సైన్యాన్ని వెనక్కు తీసుకోండి, ఆ తరువాతే మాటలని కాంగ్రెస్ జవాబిచ్చింది. దూతలు నవంబరులో ఓడ ఎక్కారు. తేయాకు మీది మూడు పెన్సుల సుంకం మాత్రం శాస్త్రోక్తంగా రద్దయింది.