కొంగల దగ్గర కూడా డీజేనా?

బరంపురంలో తెల్లవారుజామున రెండున్నరకే లేచి, చలికి వణుకుతూ మంగళాజోడి వెళ్ళాం. ఒడిశాలో చిలికా సరస్సు ఒడ్డున ఊరది. పిట్టలు బెదరకూడదని పడవల్ని గెడతోనే తోస్తారు. ఒకప్పుడు అక్కడ పిట్టల్ని వేటాడినవాళ్ళే ఇప్పుడు కాపలా కాస్తున్నారు. మా పడవవాడు గడ్డిలో నీలిరంగు నీటికోడిని చూపిస్తూ మాట కూడా గుసగుసగానే చెబుతున్నాడు.

సరిగ్గా అప్పుడే వెనక పడవలో బ్లూటూత్ స్పీకర్ మోగింది.

సూదితోక బాతుల గుంపంతా ఒక్కసారిగా లేచిపోయింది. ఎక్కడో ఉత్తరాన చలి తట్టుకోలేక అంత దూరం నుంచి వచ్చినవి, తినడానికి కూడా తీరిక లేదు పాపం! వాళ్ళేమో "భలే లేచాయిరా, వీడియో తీశావా?" అని సంబరం. కాస్త ఆపు బాబూ అంటే, "చెరువేమన్నా మీ సొంతమా అంకుల్?" అన్నాడు వాళ్ళలో ఒకడు. అదీ తెలుగులో. మా ఊరివాడే అయ్యుంటాడు, ఒళ్ళు ఇంకా మండింది.

ఇంట్లో మా బావమరిది ఇంకో రకం. 2020 జూన్‌లో లోనార్ సరస్సు గులాబీ రంగులోకి మారిన ఫొటోలు చూసి, మొన్న మహారాష్ట్ర దాకా పోయి, "పచ్చగానే ఉంది, డబ్బులు దండగ" అంటూ వచ్చాడు. నీళ్ళు తగ్గి ఉప్పదనం పెరిగితే సూక్ష్మజీవుల వల్ల వచ్చిన రంగయ్యా అది, పెళ్ళి లైటింగు కాదు! గట్టు మీద ఏ పిట్టలున్నాయని అడిగితే, "చూడలేదు, సిగ్నల్ వెతుక్కుంటున్నా" అన్నాడు.

వచ్చే ఆదివారం మళ్ళీ వెళ్తున్నా. బావమరిది తనూ వస్తాడట. స్పీకర్ ఛార్జింగ్‌లో పెట్టాడు.