అందిన ద్రాక్ష

నలభై అయిదు దాటిన ప్రతి మేనేజరుకూ కాలిఫోర్నియాలోని నాపా లోయలో పదెకరాల ద్రాక్షతోటను ప్రాథమిక హక్కుగా ప్రకటించాలని ఈ వ్యాసకర్త నిశ్చితాభిప్రాయం. లోకంలో మిగతా కష్టాలన్నింటికీ ఏదో ఒక పథకం ఉంది. రోజుకు ఏడు జూమ్ మీటింగుల్లో కూర్చుని, ఎనిమిదో మీటింగులో ఉండగా "నాకు కావలసింది మట్టి వాసన" అని జ్ఞానోదయమైన మనిషికి మాత్రం ఏ ఆసరా లేదు. కంపెనీ ఇచ్చిన షేర్లు అమ్ముకుని, పాపం, తన పాట్లేవో తానే పడుతున్నాడు.

ఈ జ్ఞానోదయం ఎవరికైనా ఒకే తీరులో వస్తుంది. ముందు మనిషి వైన్ తాగి "బాగుంది" అనడం మానేస్తాడు. "టానిన్లు ఇంకా కుదురుకోలేదు" అంటాడు, వగరు తగ్గలేదని దానర్థం. తర్వాత ప్రతి శనివారం సిలికాన్ వ్యాలీ నుంచి కారెక్కి హైవే 29 మీద తేలతాడు. యాంట్‌విల్, ఓక్‌విల్, రూథర్‌ఫర్డ్, సెయింట్ హెలెనా, కాలిస్టోగా అంటూ ఊళ్ల పేర్లు ఎక్కాల్లా అప్పజెబుతాడు. ఆపైన వెడల్పాటి అంచున్న టోపీ ఒకటి కొంటాడు. టోపీ దాకా వచ్చిన కేసు ఇక వెనక్కి తిరగదు. మన మిత్రుడొకడు టోపీ కొన్న సాయంత్రమే ఇంట్లో విషయం బయటపెట్టాడు.

"ఉద్యోగం మానేసి ద్రాక్ష పండిద్దామనుకుంటున్నాను."

"కిటికీలో కుండీకి నీళ్లు పోయమంటే మూడు వారాలైనా గుర్తుండదు మీకు. పదెకరాలకి ఎవరు పోస్తారండీ?"

"కుండీ వేరు, టెర్వార్ వేరు. వైన్‌కి రుచినిచ్చే నేలా వాతావరణమూ అన్నమాట."

ఆవిడ ఇక మాట్లాడలేదు. మౌనం అర్ధాంగీకారం కాబట్టి ఆయన ఆ రాత్రే రియల్ ఎస్టేట్ ఏజెంటుకి ఫోన్ చేశాడు.

ఏజెంటు చెప్పిన ధర విన్నాక టోపీ తీయాల్సి వచ్చింది. నాపాలో పేరున్న చోట తోట భూమి ఎకరం మూడు లక్షల డాలర్లు దాటి చాలాకాలమైంది. పోనీ అరెకరమో ఎకరమో ముక్క అడుగుదామంటే కౌంటీ, అంటే అక్కడి జిల్లా ప్రభుత్వం, ఒప్పుకోదు. 1968లో అక్కడి పెద్దలు లోయను వ్యవసాయ సంరక్షిత ప్రాంతంగా ప్రకటించారు. అమెరికాలో అలాంటిది అదే మొదటిది. ఇప్పుడు లోయ అడుగున భూమిని విడగొట్టాలంటే ఒక్కో ముక్క 40 ఎకరాలకు తగ్గకూడదు, కొండవాలుల్లో అయితే 160. ఈ చట్టమే లేకపోతే ఆ లోయలో ఈపాటికి ద్రాక్షకు బదులు అపార్టుమెంట్లు కాసేవి. మిత్రుడు చట్టాన్ని మనస్ఫూర్తిగా సమర్థించాడు. తన ఒక్కడికీ మినహాయింపు ఉంటే బాగుండేదన్నాడు, అంతే.

ఇలాంటప్పుడు ధైర్యం చెప్పడానికి మహానుభావుల చరిత్రలు ఎటూ ఉన్నాయి. నాపా వైన్ దిగ్గజం రాబర్ట్ మొండావి 52 ఏళ్ల వయసులో కొత్త జీవితం మొదలుపెట్టలేదా? పెట్టాడు. 1965లో తమ్ముడు పీటర్‌తో డబ్బు ఖర్చుల దగ్గర మాటా మాటా పెరిగింది. భార్యకు కొన్న ఖరీదైన మింక్ బొచ్చు కోటు కూడా ఆ గొడవలోకి వచ్చింది. చెయ్యి చేసుకోవడం దాకా వెళ్లాక ఇంటివాళ్లు ఆయన్ని కుటుంబ వైనరీ నుంచి సాగనంపారు. మరుసటి ఏడాదే ఓక్‌విల్‌లో సొంత వైనరీ పెట్టాడు. ఇదీ కథ. అప్పటికే ఆయన ఇరవై ఏళ్లకు పైగా వైన్ వ్యాపారంలోనే తలమునకలై ఉన్నాడన్న సంగతి స్ఫూర్తికి అడ్డమొస్తుంది కనుక దాన్ని ఎవరూ ఎత్తరు. ఆయన మార్చింది వృత్తిని కాదు, చిరునామాని. అదీ అదే రోడ్డు మీద కొద్ది మైళ్ల దూరానికి.

వారెన్ వినియార్‌స్కీ సంగతి ఇంకా బాగా పనికొస్తుంది. షికాగో విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పుకుంటున్న మనిషి 1964లో పెళ్లాం పిల్లలతో నాపాకు వచ్చేశాడు. 1976 మే 24న పారిస్‌లో సీసాల పేర్లు దాచిపెట్టి ఫ్రెంచి న్యాయనిర్ణేతల చేత రుచి చూపిస్తే, ఎర్ర వైన్లలో ఆయన వైనరీ స్టాగ్స్ లీప్‌లో కాబర్నే రకం ద్రాక్షతో చేసిన 1973 వైన్ మొదటి స్థానంలో నిలిచింది. తెల్ల వైన్లలో గెలిచిన షాటో మాంటెలెనా వైనరీ యజమాని కూడా అసలు లాయరే. ఇంకేం కావాలి? ప్రొఫెసరు చేయగా లేనిది, లాయరు చేయగా లేనిది, ప్రాడక్ట్ మేనేజరు చేయలేడా? ఆ ప్రొఫెసరు ముందు కొన్నేళ్లు ఇంకొకరి వైనరీలో పైపులు ఈడుస్తూ పని నేర్చుకున్నాడు. అప్పట్లో ఎకరం వేలల్లోనే దొరికేది. ఈ రెండూ చిన్న విషయాలు కాబట్టి మిత్రుడి పవర్‌పాయింట్‌లో వీటికి చోటు దక్కలేదు. అవును, పవర్‌పాయింట్ చేశాడు. మీటింగుల నుంచి విముక్తి పొందడానికి ఆయన పెట్టుకున్న మొదటి మీటింగు అది.

భూమి అందకపోయినా వైన్ తయారీదారు కావడానికి అడ్డదారి ఉంది, దానికి సంతోషించాలి. పళ్లు ఒకరి దగ్గర కొని, డబ్బులిచ్చి ఇంకొకరి వైనరీలో తయారు చేయించుకోవచ్చు. పేరు మాత్రం మనది. నాపా కాబర్నే ద్రాక్ష టన్ను సగటున ఎనిమిది వేల డాలర్ల పైమాట. టన్నుకి సుమారు 60 కేసులు, అంటే ఏడు వందల చిల్లర సీసాలు. ఫ్రెంచి ఓక్ పీపా కొత్తది వెయ్యి డాలర్లు దాటుతుంది, అందులో పట్టేది 225 లీటర్లు. పీపాల్లో ఏడాదిన్నర, రెండేళ్లు నిలవ ఉండాలి, ఆ తర్వాత సీసాల్లోనూ కొంతకాలం. సొంత తోట నాటుకున్నవాళ్లకైతే ఇంకా ముచ్చట: మొదటి పంటకే మూడేళ్లు, అమ్మకానికి సీసా వచ్చేసరికి అయిదారేళ్లు. ప్రతి మూడు నెలలకూ లెక్క చూపించమని బాస్ పీడిస్తున్నాడని ఉద్యోగం వదిలినవాడికి ఇంతకన్నా విశ్రాంతి ఎక్కడ దొరుకుతుంది?

విశ్రాంతి అన్నానని ఖాళీగా ఉంటాడనుకునేరు. కాగితాలున్నాయి. వైనరీ పర్మిట్ ఫెడరల్ ప్రభుత్వం ఇవ్వాలి, లైసెన్సు రాష్ట్రం ఇవ్వాలి, కట్టడానికి అనుమతి కౌంటీ ఇవ్వాలి. సీసా మీద అంటించే లేబుల్‌ని వాషింగ్టన్‌లోని శాఖ ముందుగా చూసి సరేననాలి. లేబుల్ మీద కాబర్నే అని రాస్తే కనీసం 75 శాతం కాబర్నే ఉండాలి, నాపా వ్యాలీ అని రాస్తే 85 శాతం అక్కడి పళ్లే ఉండాలి, ఫలానా తోట అని పేరు పెడితే 95 శాతం. ఇక అమ్మకం. 1933లో మద్యనిషేధం ఎత్తేశాక, తయారీదారు హోల్‌సేలర్‌కీ, హోల్‌సేలర్ దుకాణానికీ, దుకాణం తాగేవాడికీ అమ్మే మూడంచెల పద్ధతి వచ్చింది. నేరుగా ఇళ్లకు పంపుతామంటే ఒక్కో రాష్ట్రానికి ఒక్కో రూలు, ఒక్కో పర్మిట్, ఒక్కో పన్ను. యూటాకి పంపడం కుదరనే కుదరదు. మిత్రుడు ఇదంతా ఓ స్ప్రెడ్‌షీట్‌లో ఎక్కించాడు. వరసలకి రంగులేశాడు. ఆ రాత్రి ఆయన ముఖంలో చాలా రోజులకి కళ కనిపించిందని భార్య చెప్పింది. మట్టి కోసం వెళ్లిన మనిషికి కావలసింది ఇంకో ఎక్సెల్ ఫైలేనని ఆవిడకి అప్పుడు తెలిసింది. ఆయనకి ఇంకా తెలియదు, తొందరపడి ఎవరూ చెప్పకండి.

పెళ్లిళ్లకి అద్దెకిచ్చి ఖర్చులు రాబట్టుకుంటాననే ప్లాన్ బి కూడా పాపం నిలబడలేదు. పాతకాలపు అనుమతులున్న ఒకటీ అరా చోట్ల తప్ప నాపా కౌంటీ వైనరీల్లో పెళ్లిళ్లు చేయనివ్వదు. ద్రాక్షతోటల మధ్య పెళ్లి అనే కల లోకమంతటికీ ఉంది, ఆ లోయలోనే చెల్లదు.

ప్రకృతి గురించి ఎక్కువ చెప్పను, టోపీ పెట్టుకున్నవాళ్లకి అది ఎటూ ఇష్టమే. వసంతంలో మంచు పడి చిగుళ్లు మాడతాయి. వేరుపురుగు ఫిలాక్సెరా 1980ల చివర్లో మళ్లీ విజృంభించి వేల ఎకరాలు పెరికి కొత్తగా నాటించింది. 2020లో మంటలు. అప్పుడు తోట కాలకపోయినా పొగ వాసన పళ్లలోకి దిగింది, ఆ ఏడాది ఎర్ర వైనే చేయకుండా ఊరుకున్న వైనరీలు చాలా ఉన్నాయి. ఇప్పుడు జనం తాగడం తగ్గించారు. కొనేవాళ్లు లేక కాలిఫోర్నియాలో తీగ మీదే పళ్లు వదిలేసినవాళ్లూ, తోటలే పీకేసినవాళ్లూ ఉన్నారు. అందరూ బయటికి పోతుంటే లోపలికి వెళ్లడాన్ని మిత్రుడు "మార్కెట్ టైమింగ్" అంటాడు.

అన్నింటికన్నా ఎక్కువ గౌరవంతో చెప్పుకోవలసింది పంట కోత. చల్లగా ఉంటే పళ్లు గట్టిగా ఉంటాయి కనుక కోత రాత్రిపూట జరుగుతుంది. రెండు గంటలకి తోటలోకి ట్రాక్టర్ లైట్లు వస్తాయి. తలలకి దీపాలు కట్టుకున్న మనుషులు, ఎక్కువమంది మెక్సికో నుంచి వచ్చినవాళ్లే, వరసకి అటొకరూ ఇటొకరూ వంగుతారు. చేతిలో చిన్న వంకర కత్తి. ఎడమ చేత్తో గుత్తి పట్టడం, కుడి చేత్తో ఒక్క లాగు, గుత్తి తొట్టిలో పడడం. కత్తి ఎప్పుడు కదిలిందో చూసేవాడికి తెలియదు. తొట్టి నిండగానే దాన్ని భుజానికెత్తుకుని ట్రాక్టర్ దాకా పరుగు, నడక కాదు, పరుగే. ఆకులు ఏరేసే మనిషి లైటు కింద నిలబడి చేతులు ఆడిస్తూనే ఉంటుంది. తెల్లారేసరికి ఆ గట్టు ఖాళీ.

ఏడున్నరకి మన మిత్రుడు కాఫీ కప్పుతో వస్తాడు. తనకోసం ఆపి ఉంచిన గుత్తిని కోస్తాడు. రెండో ప్రయత్నంలో తెగుతుంది. ఫోటో తీయిస్తాడు. "చేతులకి మట్టి అంటితే కలిగే తృప్తే వేరు" అని రాసి పెడతాడు. పాత ఆఫీసువాళ్లంతా హృదయాలు కొడతారు. వాళ్లలో ఇద్దరు అదే రోజు టోపీలు ఆర్డర్ చేస్తారు.

ఈ ఉద్యమం పక్కదారి పట్టకుండా కౌంటీకి ఒక సూచన చేయదలిచాను. లోయకి తరలిరావాలనుకునే ప్రతి నడివయసు అభ్యర్థికీ ప్రవేశ పరీక్ష పెట్టాలి. రాతపరీక్ష వద్దు, అందులో అందరూ డిస్టింక్షనే. ఎర్ర వైన్ దించేసిన స్టీలు ట్యాంకులోకి అడుగున ఉండే చిన్న తలుపు గుండా దూరి, లోపల మిగిలిన టన్నుల కొద్దీ పిప్పిని పారతో బయటికి తోయాలి. కార్బన్ డయాక్సైడ్ నిలిచి ఉంటే ప్రాణం మీదికొస్తుంది కాబట్టి ముందు గాలి పరీక్షించుకోవాలి. పిప్పి అయ్యాక ట్యాంకు కడగాలి. ట్యాంకు అయ్యాక పైపులు, పంపు, నేల, ఆపైన పార. ఇలా పన్నెండు గంటలు, సీజన్‌లో రెండు నెలలు. వైన్ తయారీ అంటే తొంభై పాళ్లు కడుగుడే అని అక్కడివాళ్లు ఊరికే అనరు.

ఈ పరీక్షలో ఇదివరకే పాసైనవాళ్లు ఆ లోయలో వేలమంది ఉన్నారు. వాళ్లకి మట్టి కొత్తగా పరిచయం చేయక్కర్లేదు. కాకపోతే వాళ్ల జీతానికి అక్కడ ఇల్లు దొరకదు కనుక చాలామంది ఫెయిర్‌ఫీల్డ్ నుంచి, వల్లేహో నుంచి చీకటితోనే కార్లలో వచ్చి, పని అయ్యాక వెళ్లిపోతారు. వాళ్లు ఖాళీ చేసిన పార్కింగులో పదింటికి మన మిత్రుడు కరెంటు కారు ఆపి, అద్దంలో టోపీ సర్దుకుని, రోజులో మొదటి జూమ్ మీటింగుకి పరిగెడతాడు. డిస్ట్రిబ్యూటర్‌తోనట.